చార్టులో చివరి వరుస చదివిన ఫౌండర్ గారు

కోవిడ్ భయం తగ్గి, కంటి క్యాంపులు మళ్లీ మొదలైన ఏడాది అది. మల్కాపురంలో ఒక మున్సిపల్ పాఠశాల. నేను విశాఖలో ఒక కంటి ఆసుపత్రిలో ఆప్తాల్మిక్ అసిస్టెంటుని. డాక్టరు చూడకముందే చూపు పరీక్షించి, కంటి ప్రెషర్ కొలిచి, ఎవరికి ఏ పరీక్ష కావాలో చూసిపెట్టడం నా పని. ఆ క్యాంపు పెట్టింది ఇక్కడి ఒక సేవా క్లబ్బు. వాళ్లతో నాకు చాలాకాలంగా పరిచయం.

ఆ క్లబ్బు పుట్టింది పోర్టు దగ్గర ఒక గోడౌన్‌లో. సూర్యప్రకాశరావు గారు షిప్ చాండ్లర్, అంటే రేవుకొచ్చిన ఓడలకు కూరగాయల నుంచి తాళ్ల దాకా సరఫరా చేసే వ్యాపారి. ఆయనే స్నేహితుల్ని కూడగట్టి దాన్ని ప్రారంభించారు. మొదట్లో తుపాను వస్తే తీరంలోని పేటల్లో అన్నం వండి పెట్టడమే వాళ్ల పని. కంటి క్యాంపులు తర్వాత వచ్చాయి. ఆయన తర్వాత ప్రెసిడెంటైన స్టీల్‌ప్లాంటు ఇంజనీరు వాటికో పద్ధతి తెచ్చారు. ఆపరేషన్ అయినవాళ్లను క్లబ్బువాళ్లే ఇంటికి చేర్చాలి, మళ్లీ చెకప్‌కీ వాళ్లే తీసుకురావాలి. నేను చెప్పే సంగతి నాటికి ప్రెసిడెంటు కుమారి గారు. ఆ పాఠశాలలోనే సైన్సు టీచరు, ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ.

ప్రెసిడెంట్లు ఎందరు మారినా ప్రతి క్యాంపులోనూ దీపం వెలిగించేది సూర్యప్రకాశరావు గారే. ప్రసంగం కూడా ఎప్పుడూ అదే. వాళ్ల అన్నయ్యకు శుక్లాలు వచ్చాయనీ, సమయానికి ఆపరేషన్ చేయించకపోవడంతో చూపు పోయిందనీ, ఇంకెవరికీ అలా జరగకూడదనే ఈ క్యాంపులు పెడుతున్నామనీ చెప్పేవారు. క్లబ్బులో అందరికీ అది కంఠతా వచ్చు.

ఆ రోజు దీపం వెలిగించి వెనక్కి తిరుగుతుంటే ఆయన ఎడమ భుజం తలుపుకు గట్టిగా తగిలింది. నాలుగు అడుగులు వేశాక, ఎడమ పక్కన నేల మీద కూర్చున్న ఒక ముసలామె కాలు తొక్కారు.

"ఏటి బాబూ, మనిసిని కూకుంటే అగుపడ్నేదా?" అందామె.

ఆయన నొచ్చుకుని చేతులు జోడించారు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. "సార్, ఎలాగూ వచ్చారు, మీ కళ్లు కూడా ఒకసారి చూస్తాను" అన్నాను. ఆయన నవ్వుతూ వచ్చి ఒక్కో కన్నూ మూసుకుని చార్టు చదివారు. రెండు కళ్లతోనూ చివరి వరుస దాకా తడబడకుండా చదివారు.

"సూశారా? ఈ వయసులో కూడా నాకేటీ నేదు" అన్నారు అందరికీ వినపడేలా.

గ్లకోమా అనే కంటి జబ్బుతో వచ్చే చిక్కు ఇదే. చాలామందిలో కంటిలోపల ప్రెషర్ పెరుగుతుంది, కంటి నరం మెల్లగా దెబ్బతింటుంది. చూపు అంచుల నుంచి పోతూ వస్తుంది. నడిమి చూపు చివరిదాకా మిగలడం వల్ల మనిషి పేపరు చదువుతాడు, సూదిలో దారం ఎక్కిస్తాడు, పక్కన ఎవరున్నారో మాత్రం తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని మందులతో కాపాడుకోవాలి.

"ఆసుపత్రికి రండి సార్, కంటి ప్రెషర్ కూడా చూద్దాం" అన్నాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"అయన్నీ తరవాత. జనం ఎదురుసూత్తన్నారు, ముందు ఆలని సూడండి" అని గబగబా బయటికి నడిచారు.

కుమారి గారు నా దగ్గరికి వచ్చారు. "సార్‌కి ఏటయింది మేడమ్?"

"ఆయన్నే అడగండి" అన్నాను. రోగి సంగతి అతని అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. కానీ ఆయన కారెక్కడం కిటికీలోంచి కనిపించింది. గేటు బయట రిఫైనరీ ట్యాంకర్ల మధ్య నుంచి జనం రోడ్డు దాటుతున్నారు. ఇక ఆగలేక పరుగున వెళ్లి, ఆయన బండి కదిలించేలోపే ఎడమ పక్క సీట్లో కూర్చున్నాను.

"సార్, తల తిప్పకుండా ఎదురుగా ఉన్న స్కూలు బోర్డునే చూడండి. నా చెయ్యి కనబడుతోందా?"

"సెయ్యేదమ్మా?"

ఎడమ అద్దం వైపు చాచిన నా చేతి వేళ్లు అప్పటికే ఆడిస్తున్నాను. మెల్లగా ముందుకు జరుపుతూ పోయాను. దాదాపు స్టీరింగ్ ఎదురుకు వచ్చాక "ఆఁ, అగుపడింది" అన్నారు. అని, తాళం తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"మా అన్నయ్యకి శుక్లాలు కాదమ్మా" అన్నారు. "ఇదే జబ్బు. పోయిన సూపు రాదని డాక్టరు సెప్పినప్పుడు నాను పక్కనే ఉన్నాను. అప్పుడే బయపడిపోనాను. అందుకే బాగయ్యే జబ్బుకి క్యాంపులెట్టాను. బాగవ్వనిదాని పేరు ఎక్కడా ఎత్తనేదు."

"పోయింది రాదు సార్. మిగిలింది నిలబెట్టుకోవచ్చు. మీకు తోడబుట్టినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

"సెల్లి ఉంది. పద్మనాభంలో. దానికీ వత్తాదా?"

"రావచ్చు. ముందే చూస్తే చూపు పోకుండా ఆపొచ్చు."

ఆయన కారు దిగి నేరుగా కుమారి గారి దగ్గరికి వెళ్లి, తాళం ఆమె చేతిలో పెట్టి, సంగతంతా తనే చెప్పారు. ఆమె వెంటనే ఆయన్ని తన స్కూటరు మీద మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. రెండు కళ్లలోనూ ప్రెషర్ ఎక్కువగా ఉంది. విజువల్ ఫీల్డ్ టెస్టు, అంటే చుట్టూ వెలిగే చుక్కలు కనబడినప్పుడల్లా బటన్ నొక్కే పరీక్ష, ఎడమ కంటికి అంచులు దాదాపు మిగల్లేదనీ, కుడి కంటికీ ముక్కు వైపు చూపు పోతోందనీ చెప్పింది. ఆ కంటికి ఆపరేషన్ చేశారు, రెండింటికీ చుక్కలమందు రాశారు. ఆయన మళ్లీ కారు నడపలేదు. మిగిలిన చూపు ఇప్పటికీ నిలిచి ఉంది.

తర్వాతి క్యాంపు పద్మనాభంలో. ఫౌండర్ గారి జబ్బు బయటపెడితే క్లబ్బు పరువు పోతుందని పాతసభ్యులు కొందరు గొణిగారు. కుమారి గారు ఒప్పుకోలేదు. "దాసుకుంటే ఏటయిందో సూశాం కదా" అన్నారు. సూర్యప్రకాశరావు గారు మైకు పట్టుకుని, ఇన్నేళ్లూ మా అన్నయ్య గురించి మీకు అబద్ధం చెప్పానన్నారు. జనం గుసగుసలాడారు కానీ ఒక్కరూ లేచి వెళ్లలేదు.

దిగి వచ్చి చెల్లెల్ని నా ముందు కూర్చోబెట్టారు. ఆమెకూ ప్రెషర్ ఎక్కువగానే ఉంది. పక్కచూపు మాత్రం ఇంకా చెక్కుచెదరలేదు.

సంగతి విన్నాక ఆమె అన్నగారి వైపు తిరిగింది. "ఇన్నాళ్లూ నోరు మూసుకుని ఎందుకున్నావన్నయ్యా? నాను నీకు ఏటీ కానా?"

ఆమె కోపంగానే ఆయన చెయ్యి పట్టుకుని క్యాంపు గది మెట్లు దింపింది.

కుమారి గారి హయాంలో, ఆ క్యాంపు నుంచే, చార్టు పక్కన టోనోమీటరు, అంటే కంటి ప్రెషర్ కొలిచే పరికరం, వచ్చి చేరింది. గ్లకోమా బయటపడినవాళ్ల తోడబుట్టినవాళ్లను పిలిపించడం కూడా అప్పుడే మొదలైంది. నా పనిలోనూ ఒక మార్పు వచ్చింది. ఇంట్లో ఎవరికైనా చూపు పోయిందా అని ఇప్పుడు నేను వరుసలో నిలబెట్టి అడగను. పక్క గదిలోకి తీసుకెళ్లి, తలుపు దగ్గరగా వేసి అడుగుతాను. బయట అందరి ముందూ నవ్వుతూ ఏమీ లేదన్నవాళ్లే, అక్కడ కూర్చున్నాక గొంతు తగ్గించి ఒక పేరు చెప్పడం ఎన్నోసార్లు చూశాను.