టెలిస్కోపులో ఓనరు డాబా

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. నా బిడ్డ మీద మాత్రం ఒట్టు వేయమనకండి. ఆ రాత్రి బిడ్డ నా పక్కనే ఉంది. బైబిలు తెచ్చివ్వండి, దాని మీద చెయ్యి పెట్టి చెబుతాను. చూసింది చూశాను... విన్నది విన్నాను.

మాది మార్కాపురం దగ్గర పలకరాయి గనులున్న ఊరు. నా భర్త ఏసోబు ఆ గనిలోనే పోయాడు. గనుల్లో ఒక పద్ధతి ఉంది. మందు పేల్చే ముందు గట్టు మీద నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి. పైకి ఎక్కి వచ్చినవాడు "వచ్చినా" అని పలకాలి. ఒక్క గొంతు తక్కువైనా మందు ముట్టించకూడదు.

ఆ రోజు పిలవాల్సింది ఓనరు రంగనాయకులు. పిలవలేదు. ఏదో తొందర... ముట్టించేశాడు. తర్వాత పెద్దమనుషుల ముందు ఏమన్నాడో తెలుసా? "నేను పిలిచినా. వాడు తాగి పడిపోయినాడు, పలకలా" అన్నాడు! అక్కడున్న వాళ్ళంతా ఆయన దగ్గర కూలికి పోయేవాళ్ళే. ఒక్కడూ నోరు మెదపలేదు. వాళ్ళలో ఒకడు మాత్రం సమాధి దగ్గర నా చెవిలో చెప్పాడు, పేర్లు పిలవనే లేదక్కా అని.

నా భర్త జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. ఇప్పుడు బడిలో నా స్నేహను తాగుబోతు కూతురా అంటున్నారు. ఏడేళ్ళ పిల్ల. "నాయన తాగేటోడా అమ్మా?" అని అడిగింది నన్ను. అప్పటి నుంచి నా కడుపు మండుతూనే ఉంది. దాచడం ఎందుకు, ఆ మనిషి నాశనమైపోవాలని ప్రార్థనలో కూడా అడిగాను.

స్నేహకు చందమామ పిచ్చి. టీచరమ్మ ఫొటో చూపించిందట. "గుంతలుండాయమ్మా, మన గనుల మాదిరే. నేను చూడాల" అని ఒకటే గోల. సరేలే, టెలిస్కోపు కొనిద్దామని మార్కాపురం పోయాను.

కళ్ళద్దాల దుకాణం పెద్దాయన మంచివాడు. పొడుగ్గా నిగనిగలాడే దాని మీద నేను చెయ్యి వేయగానే ఆపాడు.

"పెట్టె మీద ఇన్ని రెట్లని రాసిన అంకెలు చూసి మోసపోవద్దమ్మా. దాని కాళ్ళు చూడు, ముట్టుకుంటే వణుకుతాండాయి. పాపకు చందమామ దొరకదు. రెండు రోజులు ఏడ్చి మూలకేస్తాది. అంత పెద్దగా చూపించకపోయినా సరే, వెడల్పుగా చూపేది తీసుకో. కాళ్ళు గట్టిగుండాల, పాప కూర్చుని చూసేట్లుండాల."

అలాంటివి రెండు తీసి ముందు పెట్టాడు. "ఇది చుక్కలకు బాగుంటాది. కాకపోతే బొమ్మ తలకిందులుగా కనపడతాది. చందమామకు తలేంది, కాళ్ళేంది? ఫర్వాలేదు."

"నాకు నిటారుగా కనపడేదే కావాల" అన్నాను.

"చందమామకేనా అమ్మా?"

"చందమామకే."

అబద్ధం. మా మిద్దె మీద నుంచి చూస్తే వాగు అవతల రంగనాయకులు డాబా కనబడుతుంది. ఎండాకాలం ఆయన అక్కడే మంచం వేసుకుంటాడు. నా మొగుణ్ణి మట్టిలో పెట్టించిన మనిషికి నిద్ర ఎలా పడుతుందో కళ్ళారా చూడాలని నాకు ఉండేది. ఆ ముఖం తలకిందులుగా చూస్తే నాకు తృప్తి ఉండదు.

ఆ రాత్రి మిద్దె మీద స్నేహ చందమామను చూసింది. కేకలే కేకలు. చూసి చూసి అలసిపోయి చాప మీద కూర్చుని బొరుగులు నములుతోంది. ఇంతలో కరెంటు పోయింది. ఫ్యాన్లు, టీవీలు అన్నీ ఆగిపోయి ఊరంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. నేను గొట్టాన్ని మెల్లగా కిందికి దించాను... వాగు... వేపచెట్టు... డాబా.

మంచం ఖాళీగా ఉంది.

రంగనాయకులు పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్నాడు. వెన్నెల్లో బనియన్ తెల్లగా కనబడుతోంది. ముఖం గనుల వైపు. నోరు కదులుతోంది... ఆగుతోంది... మళ్ళీ కదులుతోంది. ఎవరితో మాట్లాడుతున్నాడు? పక్కన ఎవరూ లేరు. గాలి ఇటు తిరిగింది. అప్పుడు వినబడింది, సన్నగా...

"సామేలూ..."

ఆగాడు. ఎవరో పలకాలన్నట్టు ఆగాడు.

"నాగన్నా..."

 పేర్లు పిలుస్తున్నాడు! ఆ రోజు పిలవాల్సిన పేర్లు... ఇప్పుడు, ఈ రాత్రి పూట.  కన్ను తీయలేదు.

"ఏసోబూ..."

 కుక్క కూడా మొరగలేదు. ఎక్కడో రాయి మీద ఉలి తగిలినట్టు... ట్... ట్... అని.

అప్పుడు పలికింది. అటు నుంచి కాదు, గనుల నుంచి కాదు. మా మిద్దె మీదే... మా వెనకే.

"ఇంకా పైకి రాలేదన్నో..."

మొగ గొంతు. దుమ్ము మింగి మింగి గీరుకుపోయిన గొంతు. నేను వెనక్కి తిరగలేదు. తిరగలేకపోయాను. కన్ను గొట్టానికే అతుక్కుపోయింది. అక్కడ రంగనాయకులు రెండు చెవులూ మూసుకుని ఉన్నచోటే కూలబడిపోయాడు. అంటే... ఆయనకూ వినబడింది.

"ఎవరమ్మా పలికింది?" అంది స్నేహ, నోటి నిండా బొరుగులతో.

పిల్లను ఎత్తుకుని మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. భయపడ్డాను. కానీ నిజం చెబుతున్నా, లోపల ఎక్కడో సంతోషం కూడా పొంగింది.

తెల్లారగానే రంగనాయకులు వచ్చాడు. చెప్పులు లేవు. కొళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళంతా చూస్తుండగా మా గుమ్మం ముందు చేతులు జోడించాడు.

"ఆ పొద్దు నేను పిలవలేదమ్మా. ఏసోబు తాగలా. అంతా నేనే కల్పించి చెప్పినా. నిద్ర పట్టక రోజూ రాత్రి పిలుస్తాండా. ఎప్పుడూ ఎవరూ పలకలా..."

స్నేహ నా కొంగు పట్టుకుని నిలబడింది. అంతా విన్నది. వీధి వీధంతా విన్నది. నాకు అది చాలాలి కదా? చాలలేదు.

"రాత్రి పలికింది నువ్వే కదమ్మా?" అన్నాడాయన. "నన్ను బెదిరించాలని ఎవరితోనన్నా పలికించినావు కదా? అవునని ఒక్క మాట చెప్పు తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటా."

అవునంటే ఆ మనిషి ప్రాణం కుదుటపడేది. ఇంటికి పోయి నిద్రపోయేవాడు. నేను ఆయన కళ్ళలోకి చూశాను.

"ఈ రాత్రి మళ్ళా పిలువు. పలికేదెవరో తెలుస్తాది" అన్నాను.

ఆ రోజు పొద్దు గూకకముందే పిల్లను లోపల పడుకోబెట్టి, తలుపు గడియ పెట్టి, దాని రెండు చెవులూ నా చేతులతో మూశాను. నా చెవులు మూసేవాళ్ళు లేరు. ఆ గొంతు నా ఏసోబుదో కాదో నాకు మాత్రం ఏం తెలుసు?