పని లేని పేగు చేసిన పని

మంగళవారం పొద్దున చిత్తూరులో మా బెల్లం మండీలో కూర్చుని ఉండగా నాకు దొడ్డికి వచ్చినట్టయింది. ఎవరికైనా అది మామూలు సంగతే. నాకు మాత్రం తొమ్మిదేళ్లుగా ఆ దారిన ఏమీ రాలేదు. అప్పట్లో పేగులో గడ్డ తీసి, పెద్దపేగును పొట్ట మీదికి తెచ్చి, మలం పడేందుకు సంచి తగిలించారు. కింది ముక్కను లోపలే కుట్టి వదిలేశారు. పరుగున వెళ్లి కూర్చుంటే గంజిలాంటి తెల్లటి జిగురు పడింది. గడ్డ మళ్లీ వచ్చిందనుకున్నాను. ఇంటికి పోయి చెప్పాను.

"రేపే తిరుపతికి పోదాం. ఈడ కూసోని భయపడేదెందుకు?" అంది నా భార్య సరస.

బుధవారం ఆరుంబావు బస్సెక్కాం. సంచితో ప్రయాణం చేసేవాళ్లకు ఒక మాట: తలుపు దగ్గరి సీటు చూసుకోండి, మారు సంచి చేతిలోనే ఉంచుకోండి. కాణిపాకం క్రాస్‌లో ఒక ముసలావిడ ఎక్కి మా పక్కన సర్దుకుంది. అప్పుడే సంచిలోకి గాలి చేరి బుర్రుమంది. సిగ్గుతో కుంచించుకుపోయాను.

"ఆకలయితా ఉండాదా నాయనా?" అని ఆవిడ ప్రసాదం లడ్డు తుంచి ఇచ్చింది.

ఆకలి కాదని సంగతి చెప్పాను.

"పొట్టలోంచి పోతాదా? ఎంత వింత సూడు! అయినా తిను."

తిన్నాను. చంద్రగిరి దాటాక కొండలు కనిపించినా చేతులు జోడించడం కూడా తోచలేదు.

తొమ్మిదిన్నరకు ఆసుపత్రి. పదకొండుకు డాక్టరమ్మ లోపలికి గొట్టం పెట్టి చాలాసేపు చూసింది. "గడ్డ లేదప్పా" అంది. నాకు ఏడుపొచ్చింది.

"మరి ఆ జిగురేంది మేడం?"

"ఆ కింది పేగు పని అదే. మలం జారేదానికి జిగురు ఊరిస్తాది. కొంత లోపలే ఇంకిపోతాది, మిగిలింది ఎప్పుడో ఇట్ల వస్తాది. నెత్తురు పడినా, నొప్పి వచ్చినా వెంటనే రండి."

"దాంట్లోకి ఏమీ రాదు గదా? ఎవురికోసం ఊరిస్తా ఉండాది?"

ఆమె నవ్వింది. "దానికి ఎవురూ సెప్పలేదు గదప్పా, ఆపమని."

భోజనం చేసి రెండున్నర బస్సు పట్టుకున్నాం. ఏడు కొండలను చూసి నోరు తెరిచేవాళ్లను ఎందరినో చూశాను. ఆ రోజు నేను నా పొట్టను చూసుకుని అలా అయిపోయాను. చచ్చిందనుకుని నేను మరిచిపోయిన జానెడు పేగు, చీకట్లో, మూడువేల రోజులకు పైగా, రానిదానికోసం దారి తడిపి ఉంచింది. పరీక్షప్పుడు బయట కూర్చున్న సరసకు బస్సులో డాక్టరమ్మ మాటలన్నీ చెప్పాను.

"తొమ్మిదేండ్లా!" అంది. నలుగురిలో నా చెయ్యి కూడా పట్టుకోని మనిషి, కిక్కిరిసిన బస్సులో నా పొత్తికడుపు మీద అరచెయ్యి ఆనించి, చిత్తూరు వచ్చేదాకా తియ్యలేదు.