బడే మియా డాక్టర్ని వెతికిన తీరు

విజయవాడలో ఎవరింట నిఖా జరిగినా బిర్యానీ డేగిసా పొయ్యెక్కాలంటే బడే మియా రావలసిందే. అలాంటి మనిషి కుడిచెయ్యి, ఒళ్లో ఊరికే పెట్టుకున్నప్పుడల్లా వణకడం మొదలైంది. గరిటె పట్టుకుంటే తగ్గేది. దాంతో ఆయన పనున్నా లేకపోయినా ఏదో ఒకటి చేత్తో పట్టుకునే తిరిగేవాడు. చివరికి వీధి డాక్టరు చూసి, "పార్కిన్సన్స్‌లా ఉందండీ. మంచి న్యూరాలజిస్టుకి చూపించుకోండి" అన్నాడు.

ఆ మంచివాళ్లెవరో బడే మియా ఫోన్‌నే నోరారా అడిగాడు. అది పార్కిన్సన్స్‌ని 'పార్కింగ్' అని విని, గవర్నర్‌పేటలో బళ్లు ఎక్కడెక్కడ పెట్టుకోవచ్చో వరసగా చూపించింది.

కూతురు జుబియా పడీపడీ నవ్వి, ఫోను అందుకుంది. "ఈ డాక్టరుగారికి ఐదు స్టార్లు అబ్బాజాన్! 'ఏసీ బాగుంది, స్టాఫ్ మర్యాదగా మాట్లాడతారు' అని రాశారు."

"భోజనం సంగతెత్తకుండా షామియానా బాగుందంటే ఏమనుకోవాలి? తిట్టినవాళ్లు ఏమన్నారో చదువు బేటా."

మరో న్యూరాలజిస్టు, డాక్టర్ మనోజ్ఞ మీద ఎవరో మండిపడ్డారు: 'గంటలకొద్దీ కూర్చోబెట్టారు. తీరా లోపలికెళ్తే నాన్నని అటూ ఇటూ నడిపించి, నిద్రలో కేకలేస్తారా అని అమ్మని అడుగుతూ కూర్చున్నారు.'

"ఈవిడే! ఈ తిట్టులోనే వైద్యం సంగతి ఉంది" అన్నాడు బడే మియా.

జుబియా అంత తేలిగ్గా వదల్లేదు. మెడికల్ కౌన్సిల్ సైటులో ఆవిడ రిజిస్ట్రేషన్ చూసింది. ఆసుపత్రికి ఫోన్ చేసి, పార్కిన్సన్స్ రోగుల్ని ఎక్కువగా చూసేది ఆవిడేనని రూఢి చేసుకుంది.

చూపించుకోవడానికి వెళ్లిన రోజు డాక్టర్ మనోజ్ఞ ఆయన్ని నడిపించారు, వేళ్లు ఆడించమన్నారు. ఆ తర్వాత, "వాసనలు తెలుస్తున్నాయాండీ?" అని అడిగారు.

"మసాలా వాసనతోనే ఉప్పు చాలిందో లేదో చెప్పేస్తారండీ!" అంది వెంట వచ్చిన భార్య అక్తరున్నీసా.

బడే మియా తల దించుకున్నాడు. "లేదు అక్తర్. ఏళ్లయింది. అలవాటు కొద్దీ వండుతున్నా."

"నాకైనా చెప్పలేదే!"

"ముక్కు పనిచెయ్యని వంటవాణ్ణి ఎవరు పిలుస్తారు?"

"ఈ జబ్బు చాలామందికి చేతికన్నా ముందు ముక్కునే పడుతుందండీ. మీ తప్పేం లేదు" అన్నారు డాక్టర్. ఆ మాటకి ఆయన గుండెల మీంచి బరువు దిగిపోయింది.

మందులతో, రోజూ చేసే వ్యాయామంతో వణుకు చాలావరకు తగ్గింది. నడక చురుకైంది. వాసన మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు అక్తరున్నీసా పొయ్యి పక్కనే కుర్చీ వేసుక్కూర్చుంటోంది. మొన్న కంకిపాడులో వలీమా విందుకి వండుతూ ఆయన మూత తియ్యబోతే, ఆవిరి వాసన చూసి, "ఆగండి, దమ్ అవలేదు" అంది. ఆయన ఆగాడు.

"పెళ్లయ్యాక నా మాట విన్నది ఇదే మొదలు!" అందామె, చుట్టూ ఉన్న ఆడవాళ్లందరికీ వినబడేలా.