పార కామంత మెడ ఉన్న గిటారు

ఈ సంగతి రాసిపెట్టక తప్పదు. ఎందుకంటే డోన్‌లో దీని మీద ఇప్పటికే రెండు కథలు తిరుగుతున్నాయి. మా మేనమామ చెప్పే కథలో గిటారును ఎంచింది ఆయన, సంచి మోసింది నేను. మా ఆర్కెస్ట్రా వాళ్లు చెప్పే కథలో నేను గిటారును బజ్జీలాగా నూనెలో వేయించాను. రెండింటిలోనూ కొంత నిజముంది, అందుకే మరీ ప్రమాదం. ఆ రోజుల్లో నాకొక నమ్మకం ఉండేది: పుస్తకం తప్పు చెప్పదు, ఎక్కడైనా తేడా వస్తే అది లోకం చేసిన తప్పే. పదో తరగతితో బడి మానేసి, నాపరాళ్లకు పాలిష్ పట్టే యూనిట్‌లో పనికి చేరిన నాకు సాయంత్రం పూట శాఖా గ్రంథాలయమే కాలేజీ. (తోటి పనివాళ్లు నా పేరు మరిచిపోయి ‘లైబ్రరీ’ అనే పిలిచేవాళ్లు. “ఏమప్పా లైబ్రరీ, ఈ బండను ఎట్ల ఎత్తాలనో ఏ పుస్తకంలో రాసినారు?” అని అడిగితే, నిజంగానే వెతికి చెబుతానని మాటిచ్చేవాణ్ణి. అది ఎగతాళి అని తెలియడానికి చాలాకాలం పట్టింది.)

మా ఊళ్లో పెళ్లిళ్లకు పాటలు పాడే ఆర్కెస్ట్రా ఒకటి ఉండేది. దాన్ని నడిపే ఆయనను అందరూ తాళం మేస్త్రీ అనేవాళ్లు, టీ గ్లాసు చేతికిచ్చినా దాని మీద తాళం వేస్తాడు కనుక. వాళ్ల గిటారు కుర్రాడు బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడని తెలిసి నేను వెళ్లి నిలబడ్డాను. అరువు తెచ్చుకున్న గిటారు మీద రెండేళ్లుగా సాధన చేస్తున్నాను, పాటలన్నీ వచ్చు. కానీ రోజంతా బండలెత్తిన చెయ్యి నాది. ఆ గిటారు మెడ చూస్తే వెదురు కట్టెలా సన్నం. చూపుడువేలు అడ్డంగా వేసి ఆరు తీగలనూ అదిమి పట్టేసరికి రెండో చరణంలోనే బొటనవేలి మొదలు బిగుసుకుపోయింది. పాట మధ్యలో ఆపి, తడిసిన కోడి రెక్క విదిలించినట్టు చెయ్యి విదిలించాను. మేస్త్రీ తాళం ఆపలేదు. పాట అయిపోయాక మాత్రం, “వేళ్లల్లో పాట ఉండాదప్పా, చేతిలో బలం లేదు. నెల టైమిస్తా. మొదులుపెడితే కడదాంక వాయించాల. లేకుంటే వేరేవాన్ని చూసుకుంటా,” అన్నాడు. బండల దుమ్ములోంచి బయటికి నాకు కనబడిన తలుపు అదొక్కటే.

సహజంగానే గ్రంథాలయానికి పరుగెత్తాను. సంగీత వాద్యాల మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు వారాలు చదివాను. ఎలక్ట్రిక్ గిటారు మెడలు అన్నీ ఒకలా ఉండవనీ, కొన్ని వెనకవైపు పల్చగా, కొన్ని సగం చందమామలా లావుగా ఉంటాయనీ, సన్నని మెడ పట్టుకుంటే కొందరి చేతికి కండరాలు పట్టేస్తాయనీ, అలాంటివాళ్లకు లావు మెడ నయమనీ నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. చెక్కకు నూనె పట్టించాలన్న వాక్యం కూడా రాసుకున్నాను. (ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి.) ఈ మహావిజ్ఞానాన్ని మొదట మా మేనమామకు వినిపించాను. ఆయన వడ్రంగి. పారలకు, గొడ్డళ్లకు పిడి, అంటే మా వైపు మాటలో కామ, చెక్కి ఇచ్చేవాడు. మనిషి పిడికిలి చూడకుండా కామ చెక్కడం ఆయన వంశంలో లేదు. నా ఉపన్యాసం అంతా విని బీడీ ఆర్పాడు.

“దీనికి మూడు వారాలు పట్టెనా అల్లుడా? కామ పట్టుకుంటే వేళ్ల కొనలు అరచేతికి తగలగూడదు. తగిల్నాయంటే సన్నమైనట్ల. పూట తిరక్కుండానే చెయ్యి పట్టేస్తాది. ఇది ఎవురికి తెల్దు?”

నాకు చాలా కోపం వచ్చింది. అయినా ఆదివారం కర్నూలుకు ఆయననే వెంటబెట్టుకుని వెళ్లాను. రైలు దిగి షేర్ ఆటో ఎక్కి వాద్యాల షాపు చేరాం. గోడకు నల్లగా నిగనిగలాడే గిటారు ఒకటి వేలాడుతోంది. నా మనసు దాని మీద పడిందని మామ కనిపెట్టి, “కండ్లు మూసుకో. రంగు చూస్తే మోసపోతావు,” అన్నాడు. కళ్లు మూసుకున్న నా చేతికి ఒక్కొక్క గిటారు మెడే అందించడం, తాను వంగి నా వేళ్ల కొనలు పరిశీలించడం. “సన్నం. ఇదీ సన్నమే. ఇది పుల్ల.” షాపు భాయ్ కాసేపు ఓర్చుకున్నాడు.

“చాచా, అది గిటార్. దాంతో మట్టి తవ్వరు.”

“తవ్వకున్యా పట్టుకునేది చెయ్యే గదా భాయ్. లావుది చూపిచ్చు.”

భాయ్ నిచ్చెనెక్కిన చప్పుడు, దుమ్ము తుడిచిన చప్పుడు వినిపించాయి. తర్వాత నా చేతిలోకి ఏదో వచ్చింది. అరచెయ్యి నిండింది. బొటనవేలు తన చోటు తానే వెతుక్కుంది. ఆరు తీగలూ అదిమి పట్టి వంద అంకెలు లెక్కపెట్టాను, నొప్పి లేదు. సంతోషంగా కళ్లు తెరిస్తే, గిటారు ఉల్లిగడ్డ పొట్టు రంగులో ఉంది. “పోరగాండ్లు పట్టుకుంటరు, లావుందని పెట్టేస్తరు. నాలుగేండ్లాయె, నా దగ్గర్నే ఉంది. నల్లదాని రేటుల సగానికిస్తా, తీస్కపో,” అన్నాడు భాయ్. నేను నల్లదాని వైపు ఒకసారి చూశాను. మామ నా పిడికిలి వైపు చూశాడు. ఉల్లిగడ్డే మాతో రైలెక్కింది.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. “కొత్త కామకు ఆముదం తాపి ఎండలో పెట్టాల, అప్పుడే చేతికి ఒదుగుతాది,” అన్నాడు మామ. మెడ వెనక వార్నిష్ లేని పచ్చి చెక్క. పుస్తకంలోనూ నూనె అనే ఉంది. గ్రంథాలయమూ, మామా ఒకే మాట చెప్పడం నా జీవితంలో అదే మొదటిసారి, ఇక అనుమానమెందుకు? తీగలు విప్పి, ముందూ వెనకా గిన్నెడు ఆముదం మూడు రోజులు తాపాను. మిద్దె మీద ఒడియాల పక్కన పడుకోబెట్టి, ఒంటికి అమ్మ పాత చీర కప్పి, మెడ ఒక్కటి ఎండలో ఉంచాను. అమ్మ పైకి వచ్చి చూసి, “అదేందిరా, దానికేమి జ్వరమా?” అంది.

పరీక్ష రోజు పొద్దున్నే తీగలు బిగించి మేస్త్రీ ముందు కూర్చున్నాను. మొదటి పట్టుకే వేళ్లు తీగల మీద జారి రెండు మెట్లు అవతల ఆగాయి. వెనక్కి లాక్కుంటే ఇంకో మెట్టు ఇవతలికి. తబలా ఆయన నవ్వు ఆపుకోలేక ముఖం గోడకు తిప్పాడు. గదంతా ఆముదం వాసన. పాడే అమ్మాయి చరణం మధ్యలో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అయినా నేను ఆపలేదు. ఆపితే మళ్లీ బండల దగ్గరికే. రెండో చరణం దాటింది, మూడోది దాటింది, చెయ్యి బిగుసుకోలేదు. కడదాకా వాయించాను, సరైన స్వరం ఒక్కటి ఉందో లేదో.

మేస్త్రీ తాళం వేస్తున్న టీ గ్లాసు కింద పెట్టాడు. “పాట పాయ. చెయ్యి మాత్రం నిల్చినాదప్పా,” అన్నాడు. తర్వాత నా గిటారు మెడను ఒక వేలితో తాకి, ఆ వేలిని నా చొక్కాకే తుడిచాడు. “నూనె తుడ్సుకోని వచ్చే ఆదివారం రా. పెండ్లి ఉండాది.”

ఆ పెళ్లి తర్వాత ఎన్ని పెళ్లిళ్లో. ఈ మధ్య గ్రంథాలయంలో ఆ పుస్తకం మళ్లీ తీశాను. ‘ఒకటి రెండు చుక్కల నూనె’ అని స్పష్టంగా ఉంది. చుక్కల సంగతి నేను రాసుకోలేదు. ఆ వాక్యం పక్కనే ఒక బొటనవేలి నూనె మరక ఉంది. పరీక్ష అయిన సాయంత్రమే పుస్తకానిదే తప్పని తేల్చడానికి పరుగెత్తుకొచ్చిన ఒక కుర్రవాడిది అది. నా వేలు ఆ మరక మీద పెట్టి చూసుకున్నాను. ఇప్పటిది కాస్త లావు.

కనుక, కళ్లు మూయించిన మామకు, నిచ్చెనెక్కిన భాయ్‌కి (ఎండకు వంగిన మెడను డబ్బు తీసుకోకుండా సరిచేసింది కూడా ఆయనే), గిటారుకు జ్వరం వచ్చిందని చీర తిరిగి అడగని అమ్మకు, చొక్కాకు వేలు తుడిచిన తాళం మేస్త్రీకి, పేజీ పాడు చేశానని తెలిసీ సభ్యత్వం తీసెయ్యని లైబ్రేరియన్ సారుకు నా కృతజ్ఞతలు. అందరికన్నా ముందు, చుక్క అన్నచోట గిన్నెడు పోసిన ఆ ‘లైబ్రరీ’కి. వాడు అంత పోయకపోతే ఇంతకాలం గుర్తుండేది కాదు.