సముద్రంలో వేసిన డాలర్ బిళ్ల

హామిల్టన్‌లో చదువుకునే రోజుల్లో, ఒకసారి సెలవులకు వాంకూవర్ వెళ్లి అక్కడి నుంచి విక్టోరియాకు ఫెర్రీ ఎక్కాను. ఒడ్డు దూరం కాగానే, గోదావరి బ్రిడ్జి మీద రైల్లోంచి వేసే అలవాటు కొద్దీ, ఒక డాలర్ బిళ్ల నీళ్లలోకి విసిరి దండం పెట్టుకున్నాను.

పక్కనే నారింజరంగు జాకెట్‌లో ఒక పెద్దాయన పడవ ఆకారపు హుండీ పట్టుకుని నిలబడ్డాడు. సముద్రంలో ఆపదలో పడ్డవాళ్లను కాపాడే వాలంటీర్ల బోటుకు విరాళాలట. మా వీధి వినాయకుడి చందాలవాళ్లలా ఎవరి వెంటా పడలేదు. నన్ను మాత్రం పలకరించాడు.

"డబ్బులు నీళ్లలో ఎందుకు వేశావు?"

నా డాలర్, నా ఇష్టం అనబోయి తమాయించుకున్నాను. "క్షేమంగా దాటించమని. మావైపు అందరం వేస్తాం."

"దాటించకపోతే వచ్చేది మేమే," అన్నాడు నవ్వకుండా.

సిగ్గేసి, జేబులో చిల్లరంతా హుండీలో వేశాను. "మీరూ బోటులో వెళ్తారా?" అని అడిగాను.

"రేపు డ్యూటీ నాదే. ఫోర్‌కాస్ట్ ఏం బాగాలేదు."

థాంక్స్ చెప్పి అవతలికి నడిచాడు. కాసేపటికి చూస్తే, రెయిలింగ్ దగ్గర ఒక్కడే నిలబడి, తన జేబులోంచి ఒక బిళ్ల తీసి సముద్రంలోకి విసిరాడు.