దూడలకు వేసే సూది

మా మేనత్త పోయిందని పోయిన వారం చిత్తూరు నుంచి ఫోను వచ్చింది. ఆవుల నుంచి అంటుకున్న జబ్బు గుండెలోకి చేరిందని డాక్టర్లు ముందే చెప్పి ఉన్నారు. ఇప్పటికీ సాయంత్రమైతే ఆమె దుప్పటి కప్పుకుని, వణుకుతూ మా గడపలో కూర్చున్నట్టే ఉంటుంది.

అత్తది కాణిపాకం దారిలో చిన్న పాడి. చుట్టుపక్కల ఎవరి ఆవు ఈనలేక అవస్థ పడినా ఆమెకే కబురు. ఉత్త చేతులతో దూడను లాగేది, మాయ తీసేది. ఏళ్ల తరబడి సాయంత్రం జ్వరం, తెల్లారేసరికి చెమట. టైఫాయిడ్ అన్నారు, మలేరియా అన్నారు. “పశువుల దగ్గర పని చేస్తావా అమ్మా?” అని తిరుపతిలో ఒక డాక్టరు అడిగేసరికి చాలా ఆలస్యమైంది.

పెళ్లయిన కొత్తలో ఆమెకు కడుపు నిలవలేదు. అదీ ఈ జబ్బువల్లేనని డాక్టర్లు తేల్చి చెప్పలేదు గానీ, అత్తకు అనుమానం లేదు. ఆవుకు కడుపు పోతే మా వైపు ‘ఈసుకుపోయింది’ అంటారు. మనుషులకు ఆ మాట వాడరు. అత్త తనకూ అదే వాడేది. “ఛీ, అదేం మాట అత్తా?” అంటే, “దానికీ నాకూ వచ్చింది ఒకటే రోగం. మాట మటుకు రెండెందుకే?” అని నవ్వేది.

ఊళ్లో పెయ్యదూడలకు ఈ జబ్బు రాకుండా సూది వేస్తున్న రోజు అత్త రవిక చెయ్యి పైకి మడిచి పశువుల డాక్టరు ముందు నిలబడింది.

“నాకూ ఒకటి ఏసేయి సార్. వాటికన్నా నాకే ముందు కావల్ల.”

“ఇందులో ఉండేది బతికున్న క్రిమేనమ్మా. పొరపాటున గుచ్చుకున్నా నీకు జొరం తగులుకుంటాది. మనుషులకు టీకా లేదు.”

“మనకు లేకుండా వాటికెట్లా వచ్చినాది సార్?”

ఆయన చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉన్నాయి. అత్త చాలాసేపు తన రవిక చెయ్యి దించలేదు.

ఆ తర్వాత సూది వేసేవాళ్లు ఎప్పుడొచ్చినా, పెద్దయ్యాక పాలు తగ్గుతాయని దూడలను దాచేవాళ్ల ఇళ్లకు తనే పోయి, తిట్టి, పలుపు పట్టి లాక్కొచ్చేది. “దానికేస్తే నాకేసినట్టే” అనేది. అంత మొండి మనిషిని నేను మళ్లీ చూడను.

ఫోను వచ్చిన రోజు నేను పోయేసరికి శవం ఇంకా వాకిట్లోనే ఉంది. పక్కింట్లో సంతలో కొన్న ఆవు నొప్పులు పడుతూ ఒకటే అరుస్తోంది. దానికి ఏ సూదీ వేయించినట్టు ఎవరికీ తెలియదు. వాళ్ల కోడలికి ఐదో నెల. మాతో కూర్చుని ఏడుస్తున్నదల్లా లేచి వెళ్లింది. గోడ మీదుగా చూస్తే, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, గాజులు తీసి పక్కన పెడుతోంది.

“నువ్వు ముట్టుకోవద్దు!” అని అరిచాను. “డాక్టరు రానీ.”

ఆ పిల్ల నా వైపు తిరిగింది. కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

“ఆయనొచ్చేదాకా దూడ బతకదు. మీ అత్త కూడా లేదు. ఎవురు తీస్తారక్కా?”

దూడ ముందుకాళ్లు అప్పటికే బయటికి వచ్చేశాయి.