ఆదోని కోట మిద్దె కొట్టిన పదిమంది

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయే రకం నేను. కౌతాళంలో మాది ప్రార్థన చేసుకునే ఇల్లు. పగలంతా రాళ్ళు మోసినవాడికి రాత్రి దయ్యం కనబడదు, నిద్రే కనబడుతుంది అనేవాడు మా నాన్న. నేనూ అదే అంటాను. అయినా ఆదోని కోట మీద ఒక మిట్టమధ్యాహ్నం జరిగింది మాత్రం చెప్పి తీరాలి. అందులో మా అత్త పేరుంది, మా చేతి పని ఉంది.

యాభైల నాటి మాట. అప్పుడు కర్నూలు రాజధాని. ఆదోని కొండ మీది కోటను బాగుచేసి, నలుగురూ వచ్చి చూసేలా చెయ్యాలని తలపెట్టారు. అప్పటిదాకా ఆ కోటకు మేకలు తప్ప చుట్టాలు లేరు. మెట్ల నిండా ముళ్ళకంపలు, గోడల పగుళ్ళలో పిచ్చిమొక్కలు. పైన స్తంభాల మంటపం ఒకటి ఉండేది, దాని కప్పు సగం కూలిపోయింది. ఎండలో ఎక్కి వచ్చినవాళ్ళు కాసేపు కూర్చోవడానికి ఆ మంటపం తప్ప వేరే నీడ లేదు. దాని మీద సున్నంతో కొత్త మిద్దె, అంటే చదును కప్పు, వేసే పని మా అత్త శాంతమ్మ జట్టుకు వచ్చింది. అత్తతో కలిపి ఎనిమిది మంది ఆడవాళ్ళం. నేను కొత్త కోడల్ని.

పని చూడటానికి కర్నూలు నుంచి ఒక ఆఫీసరు వచ్చేవాడు. చదువుకున్నవాడు, మంచివాడే, కానీ సున్నం మీద నమ్మకం లేదు. ఈ కాలంలో కూడా సున్నమేంటి, సిమెంటు వేయిస్తాను, మీ జట్టు వద్దు అన్నాడు. మా అత్త నెత్తి మీది తట్ట దించకుండానే జవాబు చెప్పింది.

"ఈ కోట ఇన్నేండ్లు ఏ సిమెంటుతో నిలబడిండాది సారూ? మా మిద్దెలో ఒక్క సుక్క కారితే నేను మళ్ళా సెక్క పట్టను."

అది ఊరికే అన్న మాట కాదు. అత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. మిద్దె కొట్టే ఆ చెక్కతోనే నలుగురు పిల్లల్ని సాకింది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ఆమె కొట్టిన మిద్దెలే ఆమె ఆస్తి. మాట తప్పే రకం కాదు. చుక్క కారితే నిజంగానే చెక్క పొయ్యిలో పెట్టేస్తుంది.

మిద్దె కొట్టడమంటే ఇదీ. ఇటుక ముక్కలు, గానుగలో నూరిన సున్నం కలిపి పరుస్తాం. వరసగా గొంతుకూర్చుని, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ కొయ్య చెక్కలతో మూడు రోజులు కొడతాం. మొదటి రోజు చెక్క దబ్ దబ్ అంటుంది. మూడో రోజుకు గంట కొట్టినట్టు టంగుమంటుంది. అప్పుడు మిద్దె పండినట్టు. నడుమ ఒక గంట ఎండకు వదిలేస్తే చాలు, నెర్రెలు ఇస్తుంది. నెర్రె పడ్డాక పైన ఎంత పూసినా వాన దాని దారి అది వెతుక్కుంటుంది.

అందుకే అన్నానికి అందరం ఒకేసారి దిగం. ఇద్దరు పైనే ఉండి కొడుతూ, నీళ్ళు చల్లుతూ ఉండాలి. ఫలానావాళ్ళు ఉండండి అని పేరు పెట్టి చెప్పేది లేదు. చివర మిగిలిన ఇద్దరు ఉండిపోతారు, అంతే.

మూడో రోజు, ఎండాకాలం, రాయి మీద అడుగు పెడితే బొబ్బ లేస్తుంది. ఆ రోజు హనుమక్క, తనకు మనవడు పుట్టాడని జట్టు మొత్తానికి ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి తెచ్చింది. జొన్నరొట్టె, కారం తిని బతికేవాళ్ళం. నేతి వాసన పైదాకా వచ్చింది. ఆడవాళ్ళ కాళ్ళు ఆగుతాయా? ఖాళీ కుండలు నెత్తిన పెట్టుకుని, చెక్కలు చంకన పెట్టుకుని దిగిపోయారు. ఎవరి చెక్క వాళ్ళతోనే ఉంటుంది మాకు, పక్కదానికి ఇవ్వం.

నేను చివర్లోనే దిగాను. నా వెనక చెక్కల చప్పుడు వినబడుతూనే ఉంది కాబట్టి ఇంకా ఇద్దరున్నారని అనుకున్నాను. నెత్తిన కుండ ఉన్నప్పుడు వెనక్కి తిరిగి చూడం.

మంటపానికి దిగువన ఎనభై మెట్లు దిగితే నీళ్ళ గుండం. దాని పక్కన బండ నీడలో కూర్చుని తిన్నాం. పైన చెక్కలు పడుతూనే ఉన్నాయి. ఒకటి పడి, ఒకటి లేచి, ఇద్దరి చేతులు. ఎంత నిదానంగా, ఎంత చక్కగా కొడుతున్నారో అనుకున్నది నాకు బాగా గుర్తు. గంటకు పైగానే కబుర్లు చెప్పుకున్నాం.

అత్త పైనున్నవాళ్ళ కోసం రెండు ఓళిగలు ఆకులో చుట్టి, "పైన ఎవురుండారే? పోయి ఇచ్చి రాపో మేరీ," అంది నాతో.

నేను చుట్టూ చూశాను. హనుమక్క కూడా చూసింది. అత్త వేలు పెట్టి లెక్కపెట్టింది. ఎనిమిది మందిమీ అక్కడే ఉన్నాం. ఎనిమిది చెక్కలూ మా ఒళ్ళోనే ఉన్నాయి.

అప్పుడు ఆగింది చప్పుడు.

ఎనభై మెట్లు ఎలా ఎక్కామో దేవుడికే తెలియాలి. దయ్యం భయం కాదు అప్పటికి, నెర్రెల భయం. అత్త ఏడుస్తూ ఎక్కింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదటిసారి.

మిద్దె మీద ఎవరూ లేరు. ఒక్క నెర్రె లేదు. అంచు నుంచి అంచు దాకా తడిసి మెరుస్తోంది. ఉత్తరం మూల మేము కొట్టకుండా మిగిల్చిన చోట కొత్తగా చెక్క గుర్తులు ఉన్నాయి. మా చెక్కలు ఆరు వేళ్ళ వెడల్పు. ఆ గుర్తులు నాలుగు వేళ్ళకు మించి లేవు. అత్త తన చెక్కతో అక్కడ ఒక దెబ్బ వేసింది. టంగుమంది.

హనుమక్క మెట్ల వైపు జరుగుతూ, "ఈ కోట కట్టినోళ్ళే అక్కా. పోదాం పా," అంది.

"యాడికి పోయేది? మన పని వాళ్ళు సేసి పెడితే, వాళ్ళ పని మనం ఇడిసిపెట్టి పోతామా? కూసో," అంది అత్త. కూర్చున్నాం. పొద్దు గూకేదాకా కొట్టాం. చివర్లో నున్నటి రాయితో మిద్దెంతా పాలిష్ పట్టినా, ఆ మూల మూరెడు చోటు మాత్రం అత్త ముట్టుకోనివ్వలేదు.

మొదటి పెద్ద వానకు ఆఫీసరు కావాలనే వచ్చి మంటపంలో తెల్లచొక్కాతో కూర్చున్నాడు. బయట కుండపోత. రెండు గంటల తర్వాత పొడి చొక్కాతోనే లేచి మా అత్తకు దండం పెట్టాడు. నాకు ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు పొంగుతుంది. మీ జట్టుకు ఎమ్మిగనూరు చీరలు పెట్టిస్తాను, ఎంతమంది అని అడిగాడు.

"పదిమందిమి," అంది అత్త.

ఆయన మా వరస చూసి, ఎనిమిది మందే కదా అన్నాడు.

"ఇద్దురు పైనుండారు సారూ."

పది చీరలు వచ్చాయి. రెండు చీరలు అత్త ఆ మూలలో పెట్టి వచ్చింది. మర్నాటికి లేవు. ఎవరైనా తీసుకుని ఉండొచ్చు, దాన్ని నేను సాక్ష్యంగా చెప్పను.

తర్వాత బళ్ళు కట్టుకుని జనం వచ్చారు, బడిపిల్లలు వచ్చారు. ఆ మిద్దె కింద కూర్చుని సద్ది తిన్నారు. కోట చూపించేవాడు రాజుల పేర్లు చెప్పేవాడు. నేను పక్కన నిలబడి, పైనున్నది మా మిద్దె అని చెప్పేదాన్ని.

అది రాళ్ళ కొండ. ఆ చప్పుడు ఎక్కడిదో ఇక్కడ వినబడి ఉండొచ్చు. గుర్తులు మా కళ్ళు చేసిన మోసం కావొచ్చు. ఎవరేం చెప్పినా సరే అంటాను. కానీ కుండలన్నీ ఖాళీగా కిందే, మా దగ్గరే ఉన్నాయి. ఆ ఎండకు తడి చిటికెలో ఆరిపోతుంది. మూడు రోజులు ఆ ఎనభై మెట్లూ నీళ్ళు మోసిన మెడ ఇది, అందుకని నాకు ఆ ఒక్కటే తెగదు. ఆ నీళ్ళు ఎవరు మోశారు?